ఫిర్యాదు తేలేదాకా పుస్తకం ఎక్కడుంటుంది?

సంపాదకులు గారికి,

అమెరికా బడుల్లో పుస్తకాల గొడవ గురించి తెలుగు పత్రికల్లో వార్త వచ్చిన ప్రతిసారీ శీర్షికలో ‘నిషేధం’ అనే మాట ఉంటుంది. ఆ మాటకు మన పాఠకుడికి తట్టే అర్థం వేరు. మన దేశంలో పుస్తకాన్ని నిషేధించడమంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన ఇచ్చి ప్రతులన్నిటినీ జప్తు చేయించడం. దీనికి ఆధారం నేర విచారణ విధానాల చట్టం: ఒకప్పుడు సీఆర్‌పీసీ 95వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 98. ఎందుకు నిషేధిస్తున్నారో ఆ ఉత్తర్వులోనే రాయాలి. ఒప్పుకోనివాళ్లు రెండు నెలల్లోపు హైకోర్టుకు వెళ్లొచ్చు, ముగ్గురు జడ్జీల బెంచి వింటుంది. మంచో చెడో, ఒక కాగితమంటూ ఉంటుంది, దాని కింద ఒక సంతకం ఉంటుంది.

ఇక్కడ అమెరికా బడుల్లో జరిగేదానికి చాలాసార్లు ఆ కాగితమే ఉండదు. వార్తల్లో ‘నిషేధించారు’ అని చదివిన నవల అదే ఊరి పుస్తకాల షాపులో, నిషిద్ధ పుస్తకాలని బోర్డు పెట్టి మరీ, గుమ్మం దగ్గర బల్ల మీద పేర్చి ఉంటుంది. అందుకే ఒక పక్షం నిషేధమనేదే లేదంటుంది, ఇంకో పక్షం వేల పుస్తకాలు పోయాయంటుంది. బడి గ్రంథాలయం తప్ప మరో పుస్తకాల చోటు ఎరగని పిల్లవాడికి మాత్రం షాపులో ఏముందన్నది అక్కరకు రాని సమాచారం.

ముందు అంకెల సంగతి. పెన్ అమెరికా అనే రచయితల సంస్థ 2023-24 విద్యా సంవత్సరానికి 10,046 నిషేధాలు లెక్కకట్టింది, 2024-25కి 6,870. అవి పదివేల పుస్తకాలు కావు. ఒకే నవలను పది స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నిటినీ నడిపే సంస్థలు) తీస్తే పది కింద లెక్క. విడివిడి పేర్లు లెక్కేస్తే ఆ 10,046 కాస్తా 4,231కి దిగుతుంది. పైగా విచారణ తేలేదాకా పక్కన పెట్టినదాన్నీ ఆ సంస్థ నిషేధంగానే రాసుకుంటుంది. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌ది వేరే లెక్క. పుస్తకాలు తీయించడానికి జరిగిన ప్రయత్నాల్లో తన దృష్టికి వచ్చినవే అది లెక్కపెడుతుంది, 2024కి 821. ఈ రెండు అంకెలనూ ఒకే వాక్యంలో పెట్టి పెరిగిందనో తగ్గిందనో రాస్తే కందిపప్పునూ కిరసనాయిలునూ ఒకే మానికతో కొలిచినట్టే.

అసలు తగువు మాత్రం విచారణ తేలేదాకా అన్న ఆ నాలుగు రోజుల్లోనో నలభై రోజుల్లోనో ఉంది. పాత పద్ధతిలో ఫిర్యాదు ఇలా నడిచేది. తల్లో తండ్రో ఒక ఫారం నింపుతారు: పుస్తకం పేరు, రచయిత, ఏ పేజీలో అభ్యంతరం, మొత్తం చదివారా లేదా, ఏం చేయమంటారు (మీ పిల్లలకు మాత్రం ఇవ్వొద్దా, పై తరగతులకు మార్చాలా, పూర్తిగా తీసేయాలా). ఐదుగురో ఏడుగురో సభ్యులతో కమిటీ వేస్తారు. ఒక్కొక్కరికీ ఒక్కో ప్రతి కావాలి, గ్రంథాలయంలో ఉండేదేమో ఒకటో రెండో. అంచేత అభ్యంతరం వచ్చిన పుస్తకాన్నే డిస్ట్రిక్టు డబ్బు పెట్టి మరో ఐదు కొంటుంది. ఇది ఎవరూ ఎక్కడా చెప్పుకోని వింత. మూడు వందల పేజీల నవలకు మనిషికి ఎనిమిది గంటలు వేసుకున్నా ఏడుగురికి యాభై ఆరు గంటలు. ఇంత తంతు జరుగుతున్నంత కాలం పుస్తకం అరలోనే ఉండేది. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి బయట తిరిగినట్టు.

కొత్త చట్టాలు ముందుగా తలకిందులు చేసింది ఈ అంశాన్నే. ఫ్లోరిడాలో 2023లో వచ్చిన హౌస్ బిల్లు 1069 ప్రకారం లైంగిక ప్రవర్తన ఉందని అభ్యంతరం చెబితే బడి నడిచే ఐదు రోజుల్లో పుస్తకాన్ని తీసేయాలి, తేలేదాకా తిరిగి పెట్టకూడదు. తల్లిదండ్రులు డిస్ట్రిక్టును నడిపే బోర్డు సమావేశంలో ఆ భాగాన్ని పైకి చదవొచ్చు. వినలేక బోర్డు ఆపమంటే ఆ పుస్తకం వాడకం కూడా ఆపాలి. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సెనేట్ బిల్లు 13 కూడా విచారణ ముగిసేదాకా విద్యార్థులకు ఆ పుస్తకం అందకూడదంటుంది. బిడ్డల తల్లిదండ్రులే కానక్కర్లేదు, డిస్ట్రిక్టులో నివసించేవారు ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. ఫ్లోరిడాలో ఇది మరీ శ్రుతి మించడంతో, బడిలో పిల్లలు లేనివాళ్లు నెలకు ఒక్క పుస్తకం మీదే అభ్యంతరం పెట్టాలని 2024లో అదే ప్రభుత్వం సవరణ తెచ్చుకోవాల్సి వచ్చింది.

కౌంటరు దగ్గర ఇది ఎలా ఉంటుందో చూడండి. ఫారం అందగానే గ్రంథపాలకులు క్యాటలాగులో ఆ పుస్తకం స్థితిని పరిశీలనలో ఉన్నట్టు మారుస్తారు, ఇక బార్‌కోడ్ స్కాన్ చేసినా ఇష్యూ కాదు. డిస్ట్రిక్టులో నలభై బడులుంటే నలభై చోట్లా వెతికి అరలోంచి తీసి లోపలి గదిలో పెట్టాలి. పిల్లలు ఇంటికి తీసుకెళ్లినవి తిరిగి రాబట్టాలి. ఎక్కువగా మరిచిపోయేది ఈ-బుక్: దాని లైసెన్సు వేరే కంపెనీ యాప్‌లో ఉంటుంది, అక్కడ విడిగా దాచిపెట్టాలి. అది దాచకపోతే మళ్లీ ఫిర్యాదు. ఇదంతా చేయడానికి కొద్ది రోజులు చాలు. తిరిగి అరలోకి రావడానికి కమిటీ చదవాలి, బోర్డు సమావేశం రావాలి, ఎజెండాలోకి ఎక్కాలి, ఓటు పడాలి. బోర్డు మామూలుగా నెలకోసారి కలుస్తుంది. జనవరిలో పెట్టిన ఫిర్యాదు వేసవి సెలవుల్లోకి జారిపోతే ఆ ఏడాది ఆ పుస్తకం లేనట్టే. ఎవరూ నిషేధించలేదు, ఎవరి సంతకమూ లేదు.

ఫ్లోరిడాలోని ఎస్కాంబియా కౌంటీలో ఇలా పరిశీలన పేరుతో పక్కన పెట్టిన 1,600కు పైగా పుస్తకాల్లో నిఘంటువులు కూడా ఉన్నాయి. నవ్వొస్తుంది గానీ దానికి కారణం మూర్ఖత్వం కాదు. చట్టం పుస్తకం మొత్తాన్ని చూడమనకుండా ఫలానా వర్ణన ఉందా లేదా అని మాత్రమే అడిగితే, నిఘంటువులో ఆ మాట ఉంది కదా. అసభ్యతకు అమెరికా సుప్రీంకోర్టు 1973లో పెట్టిన గీటురాయి వేరు: రచనను మొత్తంగా చూసి సాహిత్య, కళా, రాజకీయ, శాస్త్ర విలువ ఉందా లేదా తేల్చాలి. మొత్తంగా అన్న ఆ ఒక్క మాటను కొత్త చట్టాల్లోంచి జారవిడవడం వల్లే ఈ పాట్లు. ఫ్లోరిడా బిల్లు 1069లో లైంగిక ప్రవర్తన వర్ణన ఉంటే చాలు తీసేయమన్న భాగం రాజ్యాంగానికి నిలవదని 2025 ఆగస్టులో ఒక ఫెడరల్ జడ్జి తీర్పిచ్చారు, రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. అయోవా చట్టమూ ఇలాంటిదే. అక్కడ మేసన్ సిటీ డిస్ట్రిక్టు 2023లో అన్ని పుస్తకాలూ చదివే తీరిక లేక, ఇందులో శృంగార చర్య వర్ణన ఉందా అని చాట్‌జీపీటీని అడిగి 19 పుస్తకాలు తీసింది. ఏడుగురు యాభై ఆరు గంటలు చదవాల్సిన చోట ఒక యంత్రాన్ని ఒక ప్రశ్న అడిగితే సరిపోయింది.

కోర్టులు కాపాడతాయని ధీమాగా ఉండేవాళ్లకు ఒక మాట. అందరూ ఉటంకించే పికో కేసు తీర్పు 1982 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలో ఐలండ్ ట్రీస్ బోర్డు తొమ్మిది పుస్తకాలు తీసేస్తే విద్యార్థులే దావా వేశారు. అందులోని భావాలు నచ్చలేదని మాత్రమే బడి గ్రంథాలయం నుంచి పుస్తకాన్ని తీయకూడదని జస్టిస్ బ్రెనన్ రాశారు. కానీ ఆ సూత్రానికి తొమ్మిదిమందిలో ఐదుగురు కలిసిరాలేదు. విద్యార్థుల వైపు తీర్పు నిలబెట్టిన ఐదో జడ్జి ఆ ప్రశ్న జోలికే వెళ్లలేదు. అందువల్ల పునాది మెత్తనిది. టెక్సస్‌లోని లానో కౌంటీ పౌర గ్రంథాలయంలో 17 పుస్తకాలు తీసిన కేసులో ఐదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 2025 మేలో 10-7 తేడాతో, పుస్తకాలు తీసేయడాన్ని సమాచారం అందుకునే హక్కు పేరుతో సవాలు చేయడం కుదరదంది. డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. టెక్సస్, లూసియానా, మిసిసిపీల్లో ప్రస్తుతానికి అదే చెల్లుతుంది.

పికో తీర్పులో మన వైపు కూడా పనికొచ్చే తేడా ఒకటుంది: పాఠ్యపుస్తకం వేరు, గ్రంథాలయ పుస్తకం వేరు. పాఠం ఏం చెప్పాలన్నది బోర్డు ఇష్టం. అరలోని పుస్తకం పిల్లవాడు తనంతట తాను వెతుక్కుని తీసుకునేది. 2024 జూన్‌లో తెలంగాణలో, ముందుమాటలో మాజీ ముఖ్యమంత్రి పేరు అలాగే ఉండిపోయిందని అప్పటికే పంచిన తెలుగు వాచకాలను వెనక్కి తెప్పించారు. అదీ తీసివేతే గానీ ఆ జాతి వేరు. అక్కడ ప్రభుత్వం తన పుస్తకాన్ని తానే దిద్దుకుంటోంది. ఈ రెండింటినీ కలగలిపి రాయడం వల్ల చర్చ ఎప్పుడూ చిక్కుపడుతుంది.

ఇదంతా ఒక్క పార్టీ పాపం కాదు. కాలిఫోర్నియాలోని బర్బాంక్‌లో 2020లో నల్లజాతి పిల్లలను నొప్పిస్తున్నాయన్న ఫిర్యాదులతో ఐదు నవలలను తరగతి పఠనంలోంచి ఆపారు, వాటిలో జాతి వివక్షను ఎండగట్టినవీ ఉన్నాయి. ఇలినాయ్‌లో డెమొక్రాట్లు 2023లో మరోలా చేశారు: పక్షపాతంతో పుస్తకాలు తీయబోమన్న విధానం లేని గ్రంథాలయాలకు రాష్ట్ర గ్రాంటు ఆపేస్తామన్నారు. నా మటుకు నాకు అది కూడా పూర్తిగా రుచించదు. డబ్బు చూపించి రాయించిన విధానం ప్రభుత్వం మారితే మారుతుంది.

ఫిర్యాదుల కన్నా పెద్ద చిల్లు ఇంకోచోట ఉంది. ఏటా గ్రంథాలయాల్లో పనికిరాని పుస్తకాలు ఏరేస్తారు. చిరిగినవి, పాతబడిన సమాచారం ఉన్నవి, మూడు నాలుగేళ్లుగా ఎవరూ తీసుకోనివి. పొలంలో కలుపు తీసినట్టు ఇది తప్పనిసరి పని. గొడవ వస్తుందనుకున్న పుస్తకాన్ని ఈ కుప్పలో కలిపేస్తే ఫారమూ ఉండదు, కమిటీ కూడా ఉండదు. అంతకన్నా సులువు అసలు కొనకపోవడం. ఏ లెక్కలోకీ రానిది అదే. పట్టుకోవాలంటే ఒక్కటే దారి, ఏరివేత జాబితా అడిగి ఒక్కో పుస్తకం ఎన్నిసార్లు ఇష్యూ అయిందో చూడటం. నిరుడు పదకొండుసార్లు వెళ్లిన పుస్తకం కలుపులోకి వచ్చిందంటే అడగాల్సిందే.

సెనేట్ బిల్లు 13 ఈ చిల్లును పూడ్చకపోగా పెద్దది చేసింది. కొనే ప్రతి పుస్తకం, దానంగా వచ్చే ప్రతి పుస్తకం జాబితాలోకి ఎక్కి, 30 రోజులు జనం ముందు ఉండి, బోర్డు ఓటుతోనే లోపలికి రావాలి. కొన్ని డిస్ట్రిక్టులు కొంతకాలం కొనుగోళ్లే ఆపాయి. న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో 2025 అక్టోబరులో పెద్ద తరగతుల గ్రంథాలయాలకు తాత్కాలికంగా తాళం పడింది. వేల పుస్తకాలు తిరగేసి చూసుకోవాలి మరి. ‘అశ్లీలం’, ‘అసభ్య పదజాలం’ అని చట్టంలో రాసిన నిర్వచనాలు టీవీ, రేడియో ప్రసారాల నిబంధనల భాషలో ఉన్నాయి. రాత్రి పదిలోపు ప్రసారానికి పనికిరాని వాక్యం ఒకటుందని పన్నెండో తరగతి పిల్లలకు నవల పనికిరాదనడం ఏ లెక్కనో నాకు బోధపడదు.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, కొప్పెల్, ఇర్వింగ్ వైపు తెలుగు కుటుంబాలకు ఇది దూరపు గొడవ కాదు. ఈ టెక్సస్ చట్టం ప్రకారం యాభైమంది తల్లిదండ్రులు గానీ, పది శాతం గానీ, ఏది తక్కువైతే అది, సంతకాలు పెడితే బోర్డు గ్రంథాలయ సలహా మండలి వేయక తప్పదు. అందులో ఎక్కువమంది తల్లిదండ్రులే ఉండాలి. యాభై సంతకాలంటే మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పూట పని. కాబట్టి సంతకం అడిగిన వాళ్లను, మండలి కోరుతున్నారా, ఏదైనా పుస్తకం తీయించమంటున్నారా అని అడిగి తర్వాతే పెన్ను తీయండి. బోర్డు సభ్యులైన ట్రస్టీల ఎన్నికల్లో పౌరసత్వం లేనివారికి ఓటు లేదు గానీ, పిల్లలు బడిలో ఉంటే హెచ్1బీ వీసాదారులు కూడా ఈ సంతకం చేయొచ్చు, సమావేశంలో పేరు నమోదు చేసుకుని మాట్లాడొచ్చు. మీ పిల్లలకు ఫలానా పుస్తకాలు ఇవ్వొద్దని జాబితా రాసిచ్చే హక్కు కూడా చట్టంలో ఉంది. అభ్యంతరం ఉన్నవాళ్లు దాన్ని వాడుకుంటే పక్కింటి పిల్లవాడి పుస్తకం జోలికి పోనవసరం రాదు.

బడికి తెలుగు కథల పుస్తకాలు బహుమతిగా ఇద్దామనుకునే వాళ్లకూ ఆ 30 రోజుల జాబితా నియమం వర్తిస్తుంది. ఉగాదికి అరలో ఉండాలంటే సంక్రాంతి నాటికే ఇవ్వండి. ఒక్కో పుస్తకానికి పేరు, రచయిత, ఐఎస్‌బీఎన్, ఏ వయసు వారికో రాసి, కింద ఇంగ్లిష్‌లో నాలుగు వరుసల సారాంశం జతచేయండి. అది లేకపోతే తెలుగు రాని ట్రస్టీకి లోపల ఏముందో తెలిసే దారి లేదు, తెలియనిదానికి చేయెత్తడానికి ఇప్పుడు ఎవరూ సిద్ధంగా లేరు.

ఇట్లు,
ఒక పాఠశాల గ్రంథపాలకురాలు,
డాలస్