సర్దుబాటు వేరు, పరిణామం వేరు

సంపాదకులకు,

వాతావరణం వేడెక్కినా ప్రాణులు వాటంతట అవే సర్దుకుంటాయన్న మాట పత్రికల్లో తరచు కనిపిస్తోంది. ఇందులో రెండు వేర్వేరు ప్రక్రియలు కలగాపులగమవుతున్నాయి. జన్యువులు మారకుండానే ఒక ప్రాణి పరిసరాలను బట్టి తన తీరు మార్చుకోవడం, అంటే సర్దుబాటు, ఒకటి. తరాలు గడిచేకొద్దీ అనువైన జన్యువులున్న వాటి సంతతి పెరగడం, అంటే ప్రకృతి వరణం, మరొకటి.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1947 నుంచి గమనిస్తున్న గ్రేట్ టిట్ పిట్టలు, 1960ల నాటితో పోలిస్తే 2007 నాటికి సుమారు రెండు వారాలు ముందుగా గుడ్లు పెట్టసాగాయి. పిల్లలకు మేతయ్యే గొంగళిపురుగులు వెచ్చని వసంతంలో ముందే వస్తాయి కనుక, ప్రతి ఆడపిట్టా ఆ ఏటి వేడిని బట్టి తన సమయాన్ని జరుపుకోవడమే ఈ మార్పుకు ప్రధాన కారణమని 2008లో తేలింది. నెదర్లాండ్స్‌లోని హోగె వెలూవెలో కథ వేరు. అక్కడ పురుగులు ముందుకు జరిగినంతగా పిట్టలు జరగలేదు. సర్దుకునే నేర్పు ఆడపిట్టలన్నింటికీ ఒకే పాళ్లలో లేదనీ, ఆ తేడాలో కొంత వంశపారంపర్యమేననీ, ఎక్కువ సర్దుకోగలిగిన వాటివైపే వరణం మొగ్గిందనీ 2005లో పరిశోధకులు చూపారు. అంటే సర్దుబాటు గుణమే వరణానికి ముడిసరుకయిందన్నమాట!

సర్దుబాటు బాగా సాగినచోట వరణపు ఒత్తిడి తగ్గి జన్యుమార్పు నెమ్మదించవచ్చు. గుడ్లు పెట్టే వేళకు గుర్తుగా నమ్ముకున్న వసంతారంభపు వేడే తప్పుదారి పట్టిస్తే అదే గుణం నష్టం తేవచ్చు. కాబట్టి ఇటువంటి వార్తల్లో మారింది ప్రవర్తనా, జన్యువులా అన్నది స్పష్టంగా రాయవలసిందిగా విలేకరులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు