లెబనీస్ వాళ్ళని అన్న మాటలే ఇప్పుడు మనల్ని అంటున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

2025 ఆగస్టు 31న ఆస్ట్రేలియాలో వలసలు ఆపాలని ర్యాలీలు తీశారు కదా, వాటి పాంఫ్లెట్లలో ఇండియన్స్ ని పేరు పెట్టి మరీ రాశారు, అప్పట్నుంచి ఇక్కడి మనవాళ్ళకి ఒకటే భయం. ఆ భయం నాకూ ఉంది. కానీ ఇంకో విషయం నన్ను బాగా బాధపెడుతోంది, అందుకే ఈ ఉత్తరం.

నేను ఉండేది సిడ్నీలో హారిస్ పార్క్ దగ్గర. ఇప్పుడు అందరూ లిటిల్ ఇండియా అంటున్నారు గానీ మనకంటే ముందు ఇక్కడ లెబనీస్ వాళ్ళు ఉండేవాళ్ళు, దోశ తినేసి కాస్త నడిస్తే వాళ్ళ మారోనైట్ చర్చి (లెబనాన్ క్రైస్తవుల్లో ఒక శాఖ వాళ్ళది) ఇప్పటికీ కనబడుతుంది. 1975లో వాళ్ళ దేశం లెబనాన్ లో అంతర్యుద్ధం మొదలైతే పదిహేనేళ్ళు ఆగలేదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు చాలామంది. అంతకుముందు 1880ల్లోనే వచ్చి మూటలు మోసుకుంటూ ఊరూరా తిరిగి బట్టలమ్మినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని సిరియన్లు అనేవాళ్ళట, ఆసియా వాళ్ళని చెప్పి చాలా ఏళ్ళు పౌరసత్వం కూడా ఇవ్వలేదు.

2005 డిసెంబర్ 11న ఇక్కడ సిడ్నీలోనే క్రొనుల్లా బీచ్ లో దాదాపు అయిదు వేల మంది పోగయ్యారు, అరబ్బుల్లా కనబడినవాళ్ళని తరిమి కొట్టారు. ఆ రోజు ఈ న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రానికి గవర్నర్ మేరీ బషీర్, ఆవిడా లెబనీస్ ఇంటి ఆడపడుచే, ఇక్కడే నరాండెరాలో పుట్టింది! గవర్నర్ బంగ్లా దాకా వెళ్ళినా మీరు ఎక్కడివాళ్ళు అని అడగడం ఆగలేదు.

మా పక్కింటావిడ లెబనాన్ లోని ట్రిపోలీ వైపు నుంచి వచ్చింది, మా పాపని హబీబీ అని పిలుస్తూ ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి వండి గిన్నెతో పంపిస్తుంది, మనం గోంగూర కోసం పడే తంటాలే ఆవిడ ఆ ఆకుల కోసం పడుతుంది, పెరట్లో తీగ పెంచుకుంటోంది. 2022 మేలో లెబనాన్ ఎలక్షన్లకి ఇక్కడినుంచే ఓటేసొచ్చింది. కొడుకు మాత్రం వెళ్ళలేదు, అక్కడి పార్టీలన్నీ మతాల లెక్కే, నాకు వద్దు అంటాడు. క్రొనుల్లా గొడవప్పుడు వాడు బడి పిల్లాడు, ఆ ఎండాకాలమంతా బీచ్ కి పంపలేదని చెప్తూ ఆవిడ గొంతు పూడుకుపోయింది.

ఇలాంటి వాళ్ళ గురించి మన తెలుగు వాట్సప్ గ్రూపుల్లో ఏం రాస్తారో తెలుసా అండీ? "ఆ ఏరియాలో ఇల్లు కొనకండి, అంతా లెబనీస్, అందరూ రౌడీలే" అని! మారోనైట్ ఎవరో సున్నీ ఎవరో షియా ఎవరో తెలీదు, ఎప్పుడు ఎందుకొచ్చారో తెలీదు, ఎవడో ఒకడు తప్పు చేస్తే ఊరందరికీ అంటగట్టడమేనా, రేపు మనకీ అలాగే అంటగడితే ఏం మాట్లాడతాం?

మీ ఎన్నారై పేజీ ఇక్కడ చాలామంది చదువుతారు. ఇండియన్స్ మీద ర్యాలీల వార్త వేసినప్పుడు క్రొనుల్లాలో ఏం జరిగిందో కూడా పక్కన వేయండి, ప్లీజ్. మా గ్రూప్ లో ఆ మెసేజ్ తీసేయమని రెండుసార్లు అడిగాను, ఇంకా తీయలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సిడ్నీ