జలమండలి మేనేజింగ్ డైరెక్టర్ గారికి: గేటు లోపలి పైపులూ చూడండి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి నమస్కారం.

కృష్ణా, గోదావరి నీళ్లను అంత దూరం నుంచి తెచ్చి, శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి మా గేటు దాకా పంపిస్తున్నారు. గేటు లోపల పైపులు ఎలా బిగించాలన్నది మాత్రం చాలా ఇళ్లలో ప్లంబర్ ఇష్టానికే వదిలేస్తున్నాం. నా టెన్షన్ అంతా అదే.

మన హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నీళ్లు వచ్చేది కొన్ని గంటలే. సరఫరా ఆగాక లైన్‌లో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు సంపు నీళ్లలో మునిగి ఉన్న పైపు ఆ నీళ్లను వెనక్కి, వీధి లైన్‌లోకి లాగేయగలదు. సంపులో బోరు నీళ్లుండొచ్చు, ట్యాంకర్ నీళ్లుండొచ్చు, వానాకాలంలో ఊరిన మురుగూ ఉండొచ్చు. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అవే పక్కింటి పసిపిల్లల గ్లాసులోకి వెళ్తాయి. ఇక లైన్‌కే నేరుగా మోటారు బిగించడమంటే నీళ్ల దొంగతనమే కాదు, వీధి మొత్తం ఆరోగ్యంతో చెలగాటం.

సంపులోకి వచ్చే పైపు చివర, నీళ్లు ఎంత నిండినా తగలనంత ఎత్తులో ఉండాలి. మధ్యలో ఖాళీ కనీసం పైపు వ్యాసానికి రెండింతలు ఉండాలి. నీళ్లు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ కూడా అవసరమే, కానీ వాల్వ్ అరిగిపోతుంది, చెత్త ఇరుక్కుంటుంది. నాకు ఆ ఖాళీ మీదే ఎక్కువ నమ్మకం. బోరు లైను, జలమండలి లైను ఎక్కడా కలవకూడదు.

కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు ఇవన్నీ కళ్లతో చూశాకే సంతకం పెట్టమని మీ సిబ్బందిని ఆదేశించండి. అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు, ఆసుపత్రుల్లో ఏటా వానలకు ముందే తనిఖీ చేయించండి.

ఇట్లు,
నగరవాసి