ముచ్చట్ల అర్ర

హన్మకొండ
28 డిసెంబర్ 2025, ఆదివారం

బిడ్డా,

ఆగస్టులో నువ్వు బెంగళూరు నుంచి మైసూరు వచ్చిననాడు, చాముండి కొండ మెట్లు దిగుతూ నంది దగ్గర కూసున్నప్పుడు ఒక మాట అడిగినవు. "ఇంకో పదకొండేండ్లయితే రిటైర్ అయితవు బాపూ. ఇంక్రిమెంట్ రాదు, ప్రమోషన్ రాదు. ఇప్పుడు ఈ కౌన్సెలింగ్ చదువెందుకు?" అన్నవు. పిల్లలకు అక్కరకొస్తదని ఏదో చెప్పిన. అది అబద్ధం కాదు గని పూర్తి జవాబు కూడా కాదు. అప్పటికి నాకే సరిగ్గ తెల్వదు. మొన్నటితోని ఇంటర్న్‌షిప్ ఒడిసింది. ఇప్పుడు కొంత చెప్పగలుగుత అనిపించి రాస్తున్న. ఫోన్‌లో అయితే నేను నడుమల ఆగిపోత, నువ్వు "సరే బాపూ, తిన్నవా" అంటవు, ముచ్చట అక్కడికే అయిపోతది.

ముందుగాల ఒకటి చెప్పాలె. ఈ మూడు నెలల్లో నా దగ్గరికొచ్చిన పిల్లల సంగతులు ఈ ఉత్తరంలో ఉండయి. పేర్లు మార్చి రాయొచ్చు కదా అనుకుంటవేమో. మన మండలం ఎంతుంటది? తల్లి లేని ఇల్లు అంటే, దుబాయికి పోయిన తండ్రి అంటే, నువ్వే రెండు నిమిషాల్లో పోల్చుకుంటవు. వాళ్లు చెప్పింది నాకే చెప్పిన్రు. అందుకని నా గురించే రాస్త. మీ అమ్మకు గూడ ఇదే మాట చెప్పిన. మొదటి వారం నొచ్చుకున్నది. రాత్రి అన్నం తినేటప్పుడు బడి ముచ్చట్లు చెప్పుకునే అలవాటు మాది, నీకు తెలుసు కదా. తర్వాత తనే అడుగుడు మానేసింది.

కోర్సు సంగతి నీకు తెలిసిందే. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా. మొదటి ఆరు నెలలు ఇంటికాడ చదువుకునుడు, నడుమ మూడు నెలలు మైసూరు మానసగంగోత్రిలో క్లాసులు, ఆఖరి మూడు నెలలు సొంతూర్లో బడిపిల్లలతోని పని.

మైసూరులో మమ్మల్ని ముగ్గురు ముగ్గురుగ కూసోబెట్టేటోళ్లు. ఒకరు తమ కష్టం చెప్పాలె, ఒకరు వినాలె, మూడో మనిషి పక్కన కూసోని ఏం జరుగుతుందో రాసుకోవాలె. మొదటిసారి నేను వినే మనిషిని. తమిళనాడు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చెప్తున్నది. అయిపోయినంక, రాసుకున్న మనిషి తన కాయితం నా ముందట పెట్టిండు. ఆమె మాట ఆపిన ప్రతిసారి రెండు సెకండ్లు దాటకముందే నేను అందుకున్ననట. ఆమె ఏడ్వబోతున్నప్పుడు గూడ.

ఆ రాత్రి హాస్టల్ రూములో చానసేపు నిద్ర పట్టలేదు. 23 ఏండ్ల నుంచి లెక్కలు చెప్తున్న. క్లాసులో ప్రశ్న అడుగుత, పిల్లవాడు సప్పుడు చెయ్యకుంటే వానికి రాదన్నట్టే. పక్కోన్ని లేపుత. లెక్కల సార్‌కు సప్పుడు లేకపోవుడు అంటే తెల్వకపోవుడు. వేరే అర్థం ఎన్నడూ తోచలేదు. కానీ కష్టం చెప్పుకునే మనిషి ఆగిందంటే ఆమె మాట వెతుక్కుంటున్నదన్నట్టు, లేకుంటే అసలు మాట చెప్పాల్నా వద్దా అని నన్ను తూకమేస్తున్నదన్నట్టు. సరిగ్గ ఆ జాగలో నేను మాట్లాడితే ఆ మాట లోపలికే పోతది. మళ్ల బయటికి రాదు. ఇన్నేండ్లల్ల ఎంతమంది పిల్లల మాటలు అట్ల లోపలికి తోసినో అని లెక్క పెట్టుకుందామనుకున్న. ఆ లెక్క నాతోని కాలేదు.

ఇంటర్న్‌షిప్‌లో ప్రతి సెషన్ అయినంక మాటకు మాట యాదికి తెచ్చుకొని రాయాలె. దాన్ని వెర్బాటిమ్ అంటరు. నేను మొదట రాసినదాన్ని మా సూపర్‌వైజర్ మేడమ్ పెన్సిల్ పట్టుకొని చదివింది. మొత్తం 46 లైన్లు. అందులో 31 నావే. పిల్లవాని మాటలు పదిహేను, అందులో సగం "ఆఁ సార్" అన్నవే. ఆమె ఏమీ అనలేదు. నా మాటల్లో "ఎందుకు" ఎక్కడెక్కడ వచ్చిందో గీత గీసి ఇచ్చింది. ఎందుకు రాలేదు, ఎందుకు చెప్పలేదు, ఎందుకు అట్ల చేసినవు. చూస్తే నాకే సిగ్గయింది. మన దిక్కు "ఎందుకు" అంటే అడుగుడు కాదు బిడ్డా, తిట్టుడు. ఇంట్లో అదే వింటరు, బడిలో అదే వింటరు, ఇగ ఇక్కడ గూడ అదేనా? అప్పట్నుంచి "ఏమైంది?", "ఆఁ, అప్పుడేమైంది?" అని అడుగుడు నేర్చుకున్న. చిన్న మాటే గని, నోటికి అలవాటయ్యేసరికి నెల పట్టింది. పోయిన వారం రాసిన వెర్బాటిమ్‌లో నావి పదకొండు లైన్లు. ఆ కాయితం దాచుకున్న, నువ్వొచ్చినప్పుడు పిల్లవాని మాటలు కప్పేసి చూపిస్త.

అర్ర పేరు ఎట్ల వచ్చిందో చెప్త. సైన్స్ ల్యాబ్ పక్కన పాత సామాన్లు పడేసిన అర్ర ఉండె. హెడ్మాస్టర్ సార్ దాన్ని ఇచ్చిండు. నేనూ అటెండరూ కలిసి కడిగి, మూడు కుర్చీలు ఏసినం. తలుపు మీద "కౌన్సెలింగ్ రూమ్" అని కాయితం అంటించిన. వారం దాక ఒక్కరు రాలేదు. వచ్చిన మొదటి పిల్లవాడు చేతులు కట్టుకొని గోడకు నిలబడ్డడు. "సార్, నేనేం తప్పు చేసిన?" అన్నడు. అప్పుడు తట్టింది. మన పిల్లలకు కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ సీట్ల కౌన్సెలింగ్, మా టీచర్ల బదిలీల కౌన్సెలింగ్, లేకుంటే తాగి బండి నడిపి దొరికినోళ్లకు పోలీసులు ఇచ్చే కౌన్సెలింగ్. మూడింటిలో ఏదీ వాళ్లకు పనికొచ్చేది కాదు. ఆ కాయితం చింపేసిన. ఏ పేరూ పెట్టలేదు. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినంక తలుపు తీసి కూసునేటోన్ని. పిల్లలే "ముచ్చట్ల అర్ర" అనుడు మొదలుపెట్టిన్రు.

ఇంకో కష్టం మాటల దగ్గర వచ్చింది. మాకు ఇచ్చిన పుస్తకాల్లో మనసు పోకడలకు ఇంగ్లిష్ మాటలు బారెడు ఉన్నయి. పిల్లలు చెప్పినదాంట్లో ఉన్న బాధను పట్టుకొని మనం తిరిగి వాళ్లకు వినిపించాలె, అది కౌన్సిలర్ పనిలో సగం. కార్ల్ రోజర్స్ 1957లోనే చెప్పిండు, ఎదుటి మనిషి లోకాన్ని ఆ మనిషి కండ్లతోని చూడగలగాలె, షరతు లేకుండ గౌరవించాలె, మనం లోపల ఒకటి బయట ఒకటి ఉండొద్దు అని. చదివితే ఎంత బాగున్నదో. కానీ నేను ఒక పిల్లను "నువ్వు ఆందోళన చెందుతున్నావా?" అని అడిగితే ఆ పిల్ల నా దిక్కు టీవీ వార్తలు చూసినట్టు చూసింది. ఆ మాట ఆమె ఇంట్లో ఎవ్వరూ అనరు. నేను గూడ మా ఇంట్లో ఎన్నడూ అనలేదు.

ఆ రాత్రి మీ నాయినమ్మ దగ్గర కూసోని ఒక నోటుబుక్కు తీసిన. ఆమె చెప్తుంటే రాసుకున్న. రంది, బుగులు, మనాది, యాష్ట, నారాజు, చిన్నబోవుడు, మనసున పట్టకపోవుడు. అన్నీ ఒకటే అనుకుంటం గని కాదు. బుగులు అంటే ఏదో ముంచుకొస్తదన్న భయం, రాత్రి పూట ఎక్కువ. యాష్ట అంటే అదే అదే మోసీ మోసీ ఇగ నాతోని కాదనిపించుడు. రందికీ మనాదికీ తేడా ఏందని అడిగిన. "రంది ఉంటే అన్నం సయించది, మనాది ఉంటే మనిషే ఒడుస్తడు" అన్నది. మీ తాత పోయిన యేడు ఆమె ఎట్లుండెనో నాకు అప్పుడు సమజైంది. పదిహేనేండ్ల కిందటి సంగతి. ఆమెకు మనాది అని అప్పుడు నాకు తెలిసి ఉంటే షుగర్ పరీక్షల చుట్టూ తిప్పకపోదును. పరీక్షలు చేయించొద్దని కాదు, పక్కన కూసునేటోన్ని.

మర్నాటి నుంచి ఆ మాటలే వాడిన. "బుగులైతుందా?" అని అడిగితే పిల్లల భుజాలు కిందికి దిగుడు నా కండ్లతోని చూసిన. ఒక్కొక్కరు "కాదు సార్, బుగులు కాదు, నారాజు" అని సరిచేసేటోళ్లు. సరిచేసిన్రంటే అప్పటికే ముచ్చట మొదలైనట్టు. నేను నేర్చుకున్నదాంట్లో ఈ నోటుబుక్కే నాకు అన్నిటికన్నా పెద్దది. ఇప్పుడు దాంట్లో అరవై మాటల దాక ఉన్నయి.

అన్నీ ఇట్ల తేలికైనవి కావు. ప్రతి పిల్లతోని మొదటి రోజే ఒకటి చెప్పాలె. "నువ్వు చెప్పింది ఎవ్వరికీ చెప్ప. కానీ నీ పానానికి ముప్పున్నా, వేరేటోళ్లకు ముప్పున్నా, నిన్నెవరన్నా చెడుగ ముట్టుకున్నా చెప్పక తప్పదు. చెప్పేముందు నీకే చెప్త." ఇదివరకటి సార్‌నైతే పిల్ల ఏడుస్తుంటే "ఎవ్వరికీ చెప్పనమ్మా, ఒట్టు" అనేటోన్నే. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం తెలిసిన ఎవ్వరైనా పోలీసులకు చెప్పి తీరాలె, దాచిపెడితే అది గూడ నేరమే. నిలబెట్టుకోలేని ఒట్టు పెట్టి, తర్వాత తప్పితే, ఆ పిల్ల బతుకులో ఇంకెవ్వరినీ నమ్మది. చావు ఆలోచన గురించి గూడ సూటిగ అడగాలని నేర్పిన్రు. అడిగితే లేని ఆలోచన పుడతదని నేను భయపడేటోన్ని, మన ఊర్లల్ల అందరూ భయపడ్తరు. పుట్టదు. అడిగేటోళ్లు ఒక్కరున్నరని తెలుస్తది. మొదటిసారి అడిగినప్పుడు నా గొంతు ఆరిపోయింది. అర్ర గోడ మీద రెండు నంబర్లు పెద్దగ రాయించిన. పిల్లల కోసం 1098, మనసు బాగలేనప్పుడు ఏ పొద్దైనా పైసలు లేకుండ మాట్లాడెతందుకు టెలీ మానస్ 14416. తెలుగులోనే మాట్లాడుతరు. నా చేతిలో లేనివి ఎంజీఎం దవాఖానకు పంపాలె. ఏది నాతోని కాదో తెలుసుకొనుడు గూడ ఈ పనిలో భాగమే అని ఒప్పుకునేతందుకు నాకు టైం పట్టింది.

మేము మైసూరులో ఉండంగనే, జూలైలో, వందమంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒక్కరుండాలని సుప్రీంకోర్టు చెప్పింది. మెస్సులో అందరం ఆ వార్త చదువుకొని సంబరపడ్డం. ఇప్పుడు పని చేసి చూసినంక నా అభిప్రాయం ఏందంటే, నా అసొంటి సార్లకు డిప్లొమా ఇప్పించి ఇది గూడ చెయ్యమంటే సరిపోదు. మంగళవారం నా ముందట ఏడ్చిన పిల్లవాని పేపర్ బుధవారం నేనే దిద్ది మార్కులేస్తే, వాడు నన్ను ఏమని చూడాలె? నేను పాఠం చెప్పే సెక్షన్ల పిల్లల్ని వేరే మేడమ్‌కు అప్పజెప్పి కొంత సర్దుకున్నం. అక్టోబర్ నుంచి పత్తి ఏరేటందుకు పోయి సగం బెంచీలు ఖాళీ అయితయి. ఇంతకుముందు రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసి ఊకునేటోన్ని. ఈసారి వాళ్ల వాకిట్లకు పోయిన. దానికి పూర్తి పొద్దు కావాలె, బడికొక పూర్తి మనిషి కావాలె.

ఇగ నీ ప్రశ్న. ఈ చదువెందుకు?

2019 ఏప్రిల్ యాదున్నదా? నీ ఇంటర్ రిజల్ట్స్. నువ్వు మంచి మార్కులతోని పాసైనవు. నేను స్టాఫ్ రూములో పేడాలు పంచిన. ఆ తర్వాత రోజూ పేపర్‌లో పిల్లల ఫోటోలు. రాష్ట్రంలో ఇరవైమందికి పైగ పానం తీసుకున్నరు. అందరూ నీ యీడు వాళ్లే. ఒక పొద్దుగాల పేపర్ ముందటేసుకొని నీ దిక్కు చూసిన. నువ్వు ఆకిట్ల పండ్లు తోముకుంటున్నవు. అంతకు ఐదు నెలల ముందటి ఆదివారం యాదికొచ్చింది. హాస్టల్ గేటు కాడ, చింతచెట్టు కింద, నేను తెచ్చిన సకినాలు నువ్వు ముట్టలేదు. "బాపూ, నాకిక్కడ..." అన్నవు. అని ఆగినవు. నేను వెంటనే "ఇంకో నాలుగు నెలలే బిడ్డా, ఓర్సుకో" అన్న. వీక్లీ టెస్టులో మార్కులెన్ని అని అడిగిన. నువ్వు చెప్పినవు. మళ్ల ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

రెండు సెకండ్లు గూడ ఆగలేదు నేను. మైసూరులో ఆ కాయితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టనిది ఆ టీచరమ్మ గురించి కాదు.

ఎంపీసీ తీసుకొమ్మన్నది నేనే. ఆ హాస్టల్ చూసింది నేనే. ఇప్పుడు పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు పాలిటెక్నిక్, ఐటీఐ, బాసర ట్రిపుల్ ఐటీ గురించి అడుగుతుంటే అన్నీ చెప్పి, "పిల్లనడిగిన్రా?" అని గూడ అంటున్న. ఆ మాట నోట్లోకెల్లి వచ్చినప్పుడల్లా నువ్వే యాదికొస్తవు. తప్పయింది బిడ్డా.

సొంత మనుషులకు కౌన్సిలర్‌గ ఉండొద్దని మాకు నేర్పిన్రు. నేను ఉండను గూడ. బాపు లెక్కనే అడుగుతున్న, అదీ నీకు ఇష్టముంటేనే. ఆ రోజు ఏం చెప్పబోయినవో అది నీదే, దాచుకున్నా నీ ఇష్టమే.

జనవరి చివర్ల మేడారం జాతర. నీకు కొలువైననాడు నాయినమ్మ నీ ఎత్తు బంగారం (బెల్లం) మొక్కింది, ఈసారి నువ్వు రాకుంటే ఊకోదు. నాలుగు రోజులు సెలవు పెట్టి రా. జాతరకు పోయేముందు ఒక మాపటీలి మనిద్దరం భద్రకాళి బండ్ మీద నడుద్దాం. నువ్వు సప్పుడు చెయ్యకున్నా సరే, నేను ఆగుత.

కాజీపేటలో దిగుతవా, వరంగల్‌లో దిగుతవా ముందుగాల చెప్పు. బండి తీసుకొస్త.

నీ బాపు