తమ్ముడికి పద్దెనిమిదేళ్లు నిండాక

తిరుపతి

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి నాయన ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోన్లో నువ్వు "నేనుండగా తమ్ముడికి ఈ కాగితాలన్నీ ఎందుకు నాయనా, వాడిని నేను చూసుకోనా?" అన్నావు. ఆ మాటకు మీ అమ్మ చాలా సంతోషించింది. నేను మాత్రం ఫోన్లో తేలే విషయం కాదని ఊరుకుని, తీరిగ్గా ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వు చూసుకుంటావనడంలో నాకు రవ్వంత అనుమానం లేదు. అయితే రేపు వాడి తరఫున నువ్వు బ్యాంకులో సంతకం పెట్టాలన్నా, ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ఒప్పుకోవాలన్నా, అక్కడివాళ్లు అడిగేది కాగితమే గాని అక్క మనసు కాదు. ఆ కాగితాలు నేనూ మీ అమ్మా తిరగగలిగిన రోజుల్లోనే సిద్ధం కావాలన్నది నా పట్టుదల.

ఈ ఏడాదితో వాడి బడి ముగుస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల వరకే ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది కాబట్టి, ఇకపై రావద్దని చెప్పినందుకు బడివాళ్లను తప్పుపట్టలేం. ఇన్నాళ్లూ ఏ కార్డు ఎప్పుడు మార్చాలో, ఏ క్యాంపు ఎక్కడ జరుగుతుందో వాళ్ల టీచరమ్మే కబురు పెట్టేది. ఇక ఆ కబుర్లు రావు. మనమే కనిపెట్టుకుని ఉండాలి.

వాటిలో మొదటిది సదరం పరీక్ష, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చి ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ పరీక్ష. వాడికి కాళ్లూ చేతుల బిగువుతో పాటు బుద్ధిమాంద్యం కూడా ఉంది కదా. బుద్ధిమాంద్యానికి చిన్నతనంలో ఇచ్చే ధ్రువపత్రం శాశ్వతం కాదు. ఐదేళ్లకు, పదేళ్లకు, పద్దెనిమిదేళ్లకు మళ్లీ పరీక్షించాలి. పద్దెనిమిదేళ్లప్పుడు ఇచ్చేదే జీవితాంతం చెల్లుతుంది. అందుకే ఈసారి పరీక్షకు పాత రికార్డులన్నీ, ఇక్కడి బర్డ్ ఎముకల ఆసుపత్రిలో కాళ్లకు ఊతమిచ్చే కాలిపర్లు చేయించినప్పటి చీటీలతో సహా, తేదీల వరుసలో కుట్టించి పెట్టాను. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని ఇంతకాలం చేసినందుకు ఆ మాత్రం ఉపయోగపడాలి గదా! ఈ పరీక్షలో తేలిన శాతాన్ని బట్టే యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, రంగు ఉంటుంది. నలభై నుంచి ఎనభై లోపు ఉంటే పసుపు, ఎనభై, ఆపైన ఉంటే నీలం. నలభై దిగువన తెల్లకార్డు ఇస్తారు గాని, దానికి పింఛను రాదు.

పింఛను సంగతి నీకు తెలిసిందే. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలయింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000 ఇస్తారు. ఈ తేడాను చూపించి ఒక మధ్యవర్తి మన ఇంటికొచ్చి, పరీక్షనాడు పిల్లవాడిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొస్తే మిగతాది తాను చూసుకుంటానని చెప్పాడు. వాడు గోడ పట్టుకుని వాకిలి దాకా నడవడానికి ఎన్నేళ్లు పట్టిందో ఆ మనిషికేం తెలుసు? ఆ నడకను మనమే లేదని రాయించడానికి నా మనసొప్పలేదు, గడప దాటమన్నాను. పైగా 2025లో పింఛన్లు తీసుకుంటున్న దివ్యాంగులకు ప్రభుత్వం మళ్లీ వైద్య పరీక్షలు జరిపించి, శాతం తగ్గినవాళ్లకు నోటీసులు ఇచ్చినప్పుడు, నిజంగా వైకల్యం ఉన్నవాళ్లు కూడా అప్పీళ్ల కోసం తిరగవలసి వచ్చింది. అబద్ధపు కాగితాల భారం చివరికి ఎవరి మీద పడుతుందో అప్పుడే తెలిసింది.

ఒకటో తేదీ ఉదయం పింఛను ఇవ్వడానికి సచివాలయం అమ్మాయి వచ్చేసరికి మీ అమ్మ వాడి కుడిచేతిని వేడినీళ్లలో ముంచి, పిడికిలి బిగువు సడలేదాకా ఒక్కో వేలినీ నిమురుతూ కూర్చుంటుంది. బొటనవేలు మిషన్ మీద ఆనించగానే మళ్లీ ముడుచుకుపోతుంది. చివరికి ఆ పిల్ల కంటిపాప ఫోటో తీయబోతే వాడు నవ్వుతూ కళ్లు గట్టిగా మూసుకుంటాడు. డబ్బు చేతికిచ్చాక మాత్రం నోట్లు తానే లెక్కపెడతానని పట్టుబడతాడు. పది వరకు చక్కగా వస్తుంది.

ఇక నీవల్ల కావలసిన పని ఒకటుంది. సచివాలయం రికార్డులో నీ పేరు ఇంకా మన కుటుంబం మ్యాపింగ్‌లోనే, అంటే ఈ ఇంటి సభ్యుల జాబితాలోనే, ఉంది. పట్టణంలో పింఛను రావాలంటే కుటుంబ ఆదాయం నెలకు 12,000 దాటకూడదు, ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కరెంటు నెలకు 300 యూనిట్లు మించకూడదు. నీ జీతమూ, నువ్వు కట్టే పన్నూ ఈ ఇంటి లెక్కలోకి వస్తే వాడి పింఛను ఆగిపోతుంది. నీకు పెళ్లయి వేరు కాపురం పెట్టిన మాట నిజమే కాబట్టి, ఆ నిజాన్ని రికార్డులోకి ఎక్కించాలి, అంతే.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. వైకల్యం ఉన్నవాళ్లను పోషించేవాళ్లకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపు కింద తమ్ముణ్ణి నీ మీద ఆధారపడినవాడిగా చూపించి పన్ను తగ్గించుకోవచ్చని మీ ఆఫీసులో ఎవరో సలహా ఇచ్చారన్నావు. పాత పన్ను విధానంలో 75,000, వైకల్యం ఎనభై శాతం పైబడితే 1,25,000 మినహాయింపు ఉన్న మాట వాస్తవం. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ అది వర్తిస్తుంది. కానీ ఇక్కడ నీది వేరే కుటుంబమని రాయించి, అక్కడ వాడి పోషణ నీదేనని రాయిస్తే రెండు చోట్లా రెండు మాటలవుతాయి. ఆ పని చేయవద్దు. మా తర్వాత వాడు నిజంగానే నీ దగ్గరికి వచ్చిననాడు నిశ్చింతగా ఆ మినహాయింపు తీసుకో.

అన్నిటికన్నా ముఖ్యమైనది సంరక్షకత్వం. పద్దెనిమిదేళ్లు నిండగానే వాడు చట్టం దృష్టిలో మేజర్. తల్లిదండ్రులమైనా వాడి బదులు సంతకం పెట్టే అధికారం మాకు దానంతటదే ఉండదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం చేశారు. దాని ప్రకారం జిల్లాస్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. అందులో కలెక్టరు స్థాయి అధికారితో పాటు ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు కూర్చుంటారు. కోర్టు చుట్టూ తిరగకుండా ఆ కమిటీకే దరఖాస్తు పెట్టుకోవచ్చు, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌తో బ్యాంకులు ఖాతా తెరవాలని రిజర్వు బ్యాంకు కూడా చెప్పింది. 2022లో జిల్లా విడిపోయింది కాబట్టి మనం చిత్తూరు వెళ్లనక్కరలేదు, తిరుపతి కలెక్టరేటే మనది.

ఆ చట్టంలో నాకు నచ్చిన విషయమేమంటే, అసలు సంరక్షకుడు అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది కమిటీ ఆలోచించాలి. అంతేగాక సంరక్షకులైనవాళ్లు ఆరు నెలల్లోగా అతని ఆస్తిపాస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా జమాఖర్చులు చూపించాలి. కన్న తల్లిదండ్రులను లెక్క అడగడమేమిటని మీ మామ చిరాకుపడ్డాడు. నాకు అది సబబుగానే తోచింది. నెలనెలా వచ్చే ఆరువేలు వాడివి. వాటితో ఇంటి అద్దె కట్టేసి వాడి ఖర్చని రాసుకోకూడదు. ఇకమీదట వాడి పేర వేరే ఖాతా, వేరే పుస్తకం ఉంటాయి. మా తర్వాత దరఖాస్తు పెట్టుకోవలసినది నువ్వు గనుక, ఆ లెక్క ఎలా రాయాలో నువ్వు ఇప్పుడే చూసుకుంటే మంచిది. అల్లుడుగారితో కూడా ముందే మాట్లాడు, ఆయనకు తెలియకుండా నీ పేరు ఎక్కడా రాయించను.

నిరామయ బీమాకూ ఈ చట్టం కిందే దరఖాస్తు పెడుతున్నాను. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిస్తారు, ఫిజియోథెరపీకీ వర్తిస్తుంది. ఏటా రెన్యూవల్ మరిచిపోకూడదు. రైలు రాయితీ కార్డు కూడా చేయిస్తాను. తోడు లేనిదే ప్రయాణం చేయలేనివాళ్లకు స్లీపర్‌లో 75 శాతం తగ్గుతుంది, తోడు వెళ్లేవాళ్లకూ అంతే. బెంగళూరులో మీ ఇల్లు చూడాలని వాడు రోజూ అడుగుతున్నాడు.

వచ్చే నెల రెండో శనివారం సెలవు గదా, శుక్రవారం కూడా సెలవు పెట్టి రా. సచివాలయం పని శుక్రవారమే ముగించుకుందాం. పెళ్లి ధ్రువపత్రం అసలు ప్రతి, మీ ఇద్దరి ఆధార్ కార్డులు తెచ్చుకో. జిరాక్సులు ఇక్కడే తీయిస్తాను.

ఇట్లు,
మీ నాయన