ఆ సినిమా పూర్తిగా చూపించలేదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో ‘అలనాటి మూకీ చిత్రానికి విశేష స్పందన’ అని వేశారు. జనం బాగా వచ్చిన మాట నిజమే. కానీ చివరిదాకా ఒక్కరూ చూడలేదు, చూడనివ్వలేదు. ఆ సంగతి వార్తలో లేదు.

అది సోవియట్ దర్శకుడు దొవ్‌జెంకో 1930లో తీసిన ‘భూమి’. ఉక్రెయిన్ పల్లె రైతుల కథ, గంటన్నర కూడా పట్టదు. కార్డులో ఐదున్నర అని వేసి, ముఖ్య అతిథులు రాలేదని ఏడు దాకా కూర్చోబెట్టారు. వచ్చాక శాలువాలు, బొకేలు, మెమెంటోలు, వరసగా ప్రసంగాలు. ఒక్కరైనా సినిమా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. తర్వాత, మూకీ కదా, బోర్ కొడుతుందని స్పీకర్లలో హుషారు పాటలు పెట్టారు. రాత్రిపూట దుమ్ము దారిలో ఒంటరిగా చిందులేస్తూ ఇంటికి పోతున్న కథానాయకుడు, రైతు యువకుడు వసీల్ తూటా తగిలి కూలిపోతాడు. ఆ చోట బరాత్ పాట! కాసేపటికే హాలు టైం అయిపోయిందని లైట్లు వేశారు. ‘నా కొడుకు అంత్యక్రియలకు మతగురువు వద్దు, యువకులే కొత్త పాటలతో సాగనంపండి’ అని వసీల్ తండ్రి అడిగే ఘట్టం లేదు. శవం ముఖాన్ని తాకే ఆపిల్ కొమ్మలు లేవు, చివరి వానా లేదు.

ఈ సినిమా ఇక్కడివాళ్లకు పట్టదని ఎవరు తేల్చారు? మనది తెలంగాణ రైతాంగ పోరాటం నడిచిన నేల. 1946 జులై 4న కడవెండిలో భూస్వామి దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులకు దొడ్డి కొమరయ్య ఊరేగింపులోనే ఒరిగిపోయాడు. పాలకుర్తి ఐలమ్మ తన పంట కోసం దొరకు ఎదురు నిలిచింది. వెట్టి చేసినోళ్ల మనవలు, మనవరాళ్లే ఆ హాల్లో కూర్చున్నది. సినిమా చెప్పిందంతా ఒప్పుకోవాలని నేను అనను. రైతుల పొలాలన్నీ కలిపేసి చేసే సామూహిక వ్యవసాయాన్ని అది మెచ్చుకుంది. ఆ పద్ధతిని బలవంతంగా రుద్దాక, 1932-33 కరువులో అదే ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోయారు. చర్చ జరగాల్సింది దీని మీద.

పుస్తకావిష్కరణకు పోయినా, నాటకానికి పోయినా మన దగ్గర ఇదే తంతు. కళ కోసం పిలుస్తారు, అధికారుల సన్మానం చూపించి పంపుతారు. మన హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014లో శంకుస్థాపన చేస్తే 2024 నవంబరులో తెరిచారు. పదేళ్లు ఎదురుచూసిన ఊరికి మంచి సినిమా ఒకటి ప్రశాంతంగా చూసే హక్కు లేదా? ‘భూమి’ని అక్కడ మళ్లీ మొదటి నుంచి వేయండి. వేదిక వద్దు, అతిథులు వద్దు. మూకీల కాలంలో తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. తెర మీది అక్షరాలను తెలుగులో చదివే మనిషిని ఒకరిని పెడితే చాలు.

ఈసారి మీ విలేకరి కూడా చివరిదాకా కూర్చుని వార్త రాయాలని కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, హనుమకొండ