గుండె పంపే రక్తం లీటర్లలో ఎంత?

ఒరేయ్ సీనూ,

ఉత్తరం అందింది. బాబాయ్‌గారి ఎకోలో (గుండె స్కానింగ్‌లో) ఈఎఫ్, అంటే గదిలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికెళ్లే వంతు, 58 శాతం అని ఉంటే గుండె సగమే పనిచేస్తోందనుకున్నావా! కంగారు పడకు. ఆ అంకె మామూలే. గుండె ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు. ఎడమవైపు కింది గదిలో 120 మి.లీ. నిండితే, ఒకసారి కొట్టుకున్నప్పుడు 70 బయటికి పంపుతుంది. అదే 58 శాతం.

కానీ శాతం వేరు, లీటర్లు వేరు. గది ఇరుకై 90 మాత్రమే నిండి, అందులో 52 బయటికొచ్చినా శాతం అదే వస్తుంది. ఒంటికి అందేది మాత్రం తక్కువ. అందుకే నిమిషానికి ఎన్ని లీటర్లన్నది విడిగా తేల్చుకోవాలి.

దీనికి 1870లో జర్మనీలోని వూర్జ్‌బర్గ్‌లో అడాల్ఫ్ ఫిక్ అనే శాస్త్రవేత్త చూపిన దారి ఉందే, ఎన్నిసార్లు పాఠం చెప్పినా నాకు ముచ్చటేస్తుంది. రక్తాన్ని నేరుగా కొలవనక్కర్లేదు, ఆక్సిజన్ లెక్క చాలు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి దాదాపు 250 మి.లీ. ఆక్సిజన్ వాడుకుంటాడు. ఊపిరితిత్తుల నుంచి బయల్దేరిన రక్తంలో లీటరుకి 200 ఉండి, ఒళ్లంతా తిరిగొచ్చాక 150 మిగిలిందనుకో. లీటరుకి 50 ఇచ్చినట్టు. 250 ఇవ్వాలంటే 5 లీటర్లు తిరగాలి. అంతేరా!

చిక్కల్లా ఆ తిరిగొచ్చిన రక్తంతోనే. ఒక్కో అవయవం ఆక్సిజన్‌ని ఒక్కోలా వాడుకుంటుంది కాబట్టి చేతి నరంలో తీస్తే కుదరదు. అన్నీ కలిసిన రక్తం గుండె కుడివైపు నుంచే తీయాలి. బతికున్న మనిషి గుండెలోకి వెళ్లేదెలా? 1929లో ఎబర్స్‌వాల్డే ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన చేతి నరంలోంచే సన్నని గొట్టాన్ని గుండె దాకా తోసుకుని, అలాగే నడిచి వెళ్లి ఎక్స్‌రే తీయించుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత న్యూయార్క్‌లో కూర్నాన్, రిచర్డ్స్ అనే డాక్టర్లు అలాంటి గొట్టంతోనే రక్తం తీసి ఫిక్ లెక్కని రోగుల దగ్గర వాడి చూపించారు. 1956లో ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

1970లో స్వాన్, గాంజ్ అనే డాక్టర్ల గొట్టం, కొసన చిన్న బుడగ ఉన్నది, వచ్చింది. దాంతో కుడి గదిలోకి చల్లటి సెలైన్ వదిలి, కాస్త ముందుకెళ్లాక రక్తం ఎంత చల్లబడిందో చూసి, దాన్నిబట్టి లీటర్లు లెక్కగట్టే పద్ధతి ఐసీయూల్లో స్థిరపడింది.

ఎకోలోనూ లీటర్లు తేల్చొచ్చు. రక్తం బయటికెళ్లే దారి వ్యాసం 2.1 సెం.మీ., ఒక్కో దెబ్బకి రక్తం సాగే దూరం 20 సెం.మీ. అయితే, ఆ దారి వైశాల్యాన్ని దూరంతో గుణిస్తే దాదాపు 70 మి.లీ. దాన్ని నాడితో గుణిస్తే సరి. కానీ వ్యాసాన్ని వర్గం చేస్తాం కదా, 2 మి.మీ. తక్కువ కొలిస్తే 70 కాస్తా 57 అయి కూర్చుంటుంది! అందుకే ఆ కొలత తీసేవాళ్లకి ఓపిక కావాలి.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాద్